ప్రఖ్యాతకథ – అనుబంధ నవల : స్టార్ వార్స్ నవలాపరంపరపై ఒక పరిశీలనము

మన లాక్షణికులు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించిరి. ఇతిహాస పురాణములనుండి గ్రహింపబడినది ప్రఖ్యాతము. కవి స్వబుద్ధిచే కల్పించినది ఉత్పాద్యము. పూర్వకథకు కవికల్పన తోడైనచో అది మిశ్రము. తెలుగు కవులకు ఈ మూడవ మార్గముపై మక్కువ యెక్కువ. తంజావూరు రఘునాథ నాయకుని ఆస్థానమునందుండిన చేమకూర వేంకటకవి, భారతమున ఆదిపర్వమునందు కొద్ది ఘట్టములలో ముగిసిన అర్జునుని తీర్థయాత్రను గైకొని, మూడాశ్వాసముల విజయవిలాసముగా పెంచెను. వాల్మీకమున లేని ఉడుత కథ రంగనాథ రామాయణమున చేరినది. ఉడుతాభక్తి యను మాట నేటికిని ప్రతి యింటను వినబడుచున్నది. వ్యాసభారతమున పేరైనను లేని శశిరేఖ, 1957లో వెలువడిన మాయాబజారు చిత్రముచే తెలుగువారికందరకును ఇంటి ఆడపడుచయినది.

కావున ఒక ప్రసిద్ధకథను మరియొకరు పెంచుట మనకు వింత కాదు. ఇట్టి వ్యాపారమే ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికాలో ఒక చలనచిత్రమాలను ఆశ్రయించి జరిగినది. జార్జి లూకాస్ సృష్టించిన స్టార్ వార్స్ చిత్రములు మొదట మూడు, 1977, 1980, 1983 సంవత్సరములలో వెలువడినవి. దూరపు నక్షత్రమండలమున ఒక సామ్రాజ్యము, దానిపై తిరుగుబాటు, ఫోర్స్ అను విశ్వశక్తి, ఆ శక్తి నెరిగిన జెడై యోధులు: ఇవి యా కథకు మూలాంగములు. ఈ కథను ముందునకును, వెనుకకును, ప్రక్కలకును సాగదీయుచు నూటికి మించిన నవలలు పుట్టినవి. వీనిని అనుబంధ నవలలనవచ్చును.

విద్యావంతులైన విమర్శకులు వీనిని చాలకాలము సరకుగా చూచిరే కాని గ్రంథములుగా చూడలేదు. చిత్రముతోబాటు అంగళ్లకు వచ్చిన బొమ్మలు, చొక్కాలు మున్నగువాని వరుసలోనే నవలయు నిలిచినది. ఆ యుపేక్ష కొంతవరకు న్యాయమే. ఈ నవలలలో పెక్కు తొందరలో వ్రాయబడినవి, తొందరలో చదువబడినవి. అయినను వీనిని పరిశీలించినచో రెండు గట్టి ప్రశ్నలు ఎదురగును. యజమాని అనుమతిచే, యజమాని విధించిన హద్దులలో వ్రాయబడిన గ్రంథమునకు సాహిత్యగౌరవము సిద్ధించునా? ఆ యజమానియే యొకనాడు “ఈ కథ జరుగలేదు” అని ప్రకటించినచో చదువరికి మిగులునదేమి? వేంకటకవికి ఈ చిక్కు రాలేదు. భారతమునకు యజమాని లేడు. స్టార్ వార్స్‌నకు కలడు. ఈ భేదమే ప్రస్తుత విషయమునకు కీలకము.

చిత్రమునకు ముందు వచ్చిన గ్రంథము

ఈ పరంపరలో మొదటి గ్రంథము చిత్రముకంటె ముందుగా పుట్టినది. చిత్రము 1977 మే 25వ తేదీన విడుదల కాగా, దాని నవలారూపము 1976 నవంబరులోనే బాలంటైన్ ప్రచురణగా వచ్చెను. అట్టపై లూకాస్ పేరున్నను వ్రాసినవాడు ఆలన్ డీన్ ఫాస్టరు. చిత్రానువాదమును ముందుంచుకొని వ్రాసినందున, తుదకు చిత్రమున లేకుండ పోయిన కొన్ని ఘట్టములు ఇందు నిలిచినవి. నాయకుడు లూక్ తన బాల్యమిత్రుడైన బిగ్స్‌ను స్వగ్రామమున కలిసికొనుట అట్టిది. చిత్రమున కడపటి యుద్ధమందు బిగ్స్ మరణించునప్పుడు ప్రేక్షకునకు అతడు పలువురిలో నొక విమానచోదకుడు మాత్రమే. నవల చదివినవానికి అతడు స్నేహితుడు. మొదటి గ్రంథమునందే అనుబంధ నవల చేయదగిన పని బయటపడినది: చిత్రము విడిచిన సందులను పూరించుట.

పొగమంచు గ్రహము

ఫాస్టరు రెండవ గ్రంథమగు స్ప్లింటర్ ఆఫ్ ద మైండ్స్ ఐ 1978లో వెలువడెను. చిత్రకథను నూతనముగా కొనసాగించిన తొలి నవల యిదియే. దీని పుట్టుక యెరిగినగాని దీని స్వరూపము బోధపడదు. మొదటి చిత్రము ఇంతటి విజయము నందునని యెవరును నమ్మని కాలమున, తక్కువ వ్యయముతో రెండవ చిత్రముగా తీయుటకు వీలైన కథ కావలెనని లూకాస్ కోరెను. కథ యంతయు మింబన్ అను బురదనేల గ్రహముపై, దట్టమైన పొగమంచులో జరుగుటకు కారణమిదియే. పొగమంచున్నచోట రంగస్థలమునకు ఖర్చు తక్కువ. నాయకులలో ఒకడగు హాన్ సోలో ఇందు కానరాకుండుటకు కారణము, ఆ పాత్రధారి హారిసన్ ఫోర్డ్ తరువాతి చిత్రమునకు అప్పటికి ఒడంబడకుండుటయే. మొదటి చిత్రము అఖండ విజయము నందుటతో ఈ చిన్న చిత్రము అవసరము తీరిపోయినది. నవల మాత్రము మిగిలినది.

ఖర్చుకై పెట్టిన ఆ పొగమంచే నవలకు ఒక గుణమైనది. విశాలాకాశమున మెరుపువలె సాగిన చిత్రమునకు భిన్నముగా ఇందు ఇరుకు, తడి, చీకటి. లూక్, లేయా యను రాకుమారి, గనికార్మికుల యూరిలో దాగి, హల్లా యను ముసలిదాని మాట నమ్మి, ఫోర్స్‌ను పెంచు కైబర్ మణికొరకు శిథిలాలయమునకు పోవుదురు. చిత్రమున ఆజ్ఞలిచ్చు రాకుమారిగా మాత్రమే నిలిచిన లేయా ఇందు ప్రతినాయకుడగు డార్త్ వేడర్‌తో తానే కత్తిదూసి పోరాడును. ఆమెను బంధించి హింసించిన వానితో ఆమెయే తలపడుట ఉచితము. చిత్రములు ఆ అవకాశమును ఎన్నడును ఆమెకు ఈయలేదు.

అయితే ఈ నవలలో నేటి చదువరికి చీదర పుట్టించు నొక అంశము కలదు. లూక్, లేయాల నడుమ శృంగారభావము పలుచోట్ల తొణికిసలాడును. 1983 చిత్రమున వారిరువురును కవలలని తేలినది. ఫాస్టరు దోషమిందు లేశమును లేదు. అతడు వ్రాయునాటికి చదువరులకుగాని అతనికిగాని ఆ బాంధవ్యము తెలియదు. మూలకథ ముగియకమునుపే దానికి అనుబంధము వ్రాయువాని దుర్గతి యిది. అర్జునుడు తుదకేమగునో వేంకటకవి యెరుగును. కావున అతడు స్వేచ్ఛగా నడుమ విహరింపగలిగెను. ఇచ్చట పునాది యింకను కదలుచుండగనే పైయంతస్తు కట్టవలసి వచ్చినది.

మూలలోని కథ

ఈ ప్రమాదమును గుర్తించి తెలివిగా తప్పుకొన్నవాడు బ్రయన్ డేలీ. 1979, 1980 సంవత్సరములలో వచ్చిన అతని మూడు నవలలు హాన్ సోలో పూర్వచరిత్రను చెప్పును. డేలీ కథను సామ్రాజ్య కేంద్రమునుండి దూరముగా, ఒక వర్తకసంఘము పాలించు మూలకు కొనిపోయెను. అచ్చట జెడైలు లేరు, వేడర్ లేడు, తిరుగుబాటు లేదు. దొంగరవాణాచే పొట్టపోసికొను హాన్, అతని నేస్తమగు చ్యూబాకా, వారి యోడ, ఇంతే. వీరికి తోడుగా బోలక్స్ యను పాతబడిన కూలియంత్రమును, దాని రొమ్ములో పొదిగియుండు బ్లూ మాక్స్ యను చిన్న గణకయంత్రమును డేలీ కల్పించెను. నిదానముగా మాటలాడు ముసలియంత్రము, చురుకైన పిల్లయంత్రము ఒకే దేహమున నుండుట హాస్యమునకును, వాత్సల్యమునకును తావైనది. మొదటి చిత్రమున హాన్ ధనము గైకొని పోయినవాడు, తుదకు మిత్రునికై తిరిగివచ్చును. అట్టివాడు తిరిగి వచ్చునని నమ్ముటకు తగిన స్వభావము అతనియందు ముందునుండియే కలదని డేలీ నవలలు నిరూపించినవి. మూలమున నున్న ఒక్క మలుపునకు కారణబీజమును వెనుకకు పోయి నాటుట ఉత్తమమైన పూర్వకథా లక్షణము.

జాన్ నవలాత్రయము

1983లో మూడవ చిత్రము ముగిసిన తరువాత ఈ కథాలోకము కొంతకాలము మూగవోయెను. 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ అను సంస్థ ప్రకటించిన ఒక పాత్రాభినయ క్రీడయొక్క పుస్తకములు మాత్రము ఆ లోకమునందలి జాతులకు, ఓడలకు, స్థలములకు పేర్లు పెట్టి వివరణములు కూర్చుచుండెను. అట్టి సమయమున, 1984లో హ్యూగో బహుమానము నందిన తిమొతీ జాన్ అను రచయితచే బాంటమ్ సంస్థ మూడు నవలలు వ్రాయించినది. 1991లో మొదటిదగు హెయిర్ టు ద ఎంపైర్ వెలువడి న్యూయార్క్ టైమ్స్ పత్రిక పట్టికలో ప్రథమస్థానము నందెను. 1992లో డార్క్ ఫోర్స్ రైజింగ్, 1993లో ద లాస్ట్ కమాండ్ వచ్చినవి. స్టార్ వార్స్ నవలకు చదువరులు ఎందరో కలరని ప్రచురణకర్తలకు తెలిపినవి యివియే.

జాన్ కథ మూడవ చిత్రమునకు అయిదేండ్ల తరువాత మొదలగును. చక్రవర్తి చనిపోయినంతమాత్రమున సామ్రాజ్యము అంతరింపదు. గెలిచినవారికి పాలనమను కొత్త కష్టము మొదలగును. పండుగతో ముగిసిన చిత్రము చెప్పనిది యిదే. ఆ విరిగిన సామ్రాజ్యమునకు నాయకుడుగా వచ్చిన సేనాని థ్రాన్ ఈ నవలల కీర్తికి ముఖ్యకారణము. అతడు నీలిచర్మము, ఎఱ్ఱని కన్నులు గల పరజాతివాడు. మానవులకు మాత్రమే మన్నన గల సామ్రాజ్యమున తెలివిచే మీదికి వచ్చినవాడు. అతనికి ఫోర్స్ లేదు. అతని ఆయుధము కళాపరిశీలనము. ఒక జాతి చిత్రములను, శిల్పములను చూచి, ఆ జాతి యేది యూహింపజాలదో కనిపెట్టి, అచ్చటనే దెబ్బకొట్టును. వేడర్ భయముచే పాలించెను. థ్రాన్ అవగాహనముచే జయించును. ప్రతినాయకుని ఇట్లు మార్చుటచే జాన్ చిత్రములను అనుకరింపక వానితో సంభాషించినట్లయినది.

ఇంతకంటె ప్రశంసింపదగినది థ్రాన్ పతనమును జాన్ కూర్చిన తీరు. నోగ్రి యను చిన్న జాతివారు సామ్రాజ్యమునకు ప్రాణములిచ్చి సేవచేయుదురు. యుద్ధముచే విషమయమైన తమ నేలను వేడర్ బాగుచేయించుచున్నాడని వారి నమ్మకము. రెండవ నవలలో వేడర్ కుమార్తెయగు లేయా వారి గ్రహమునకు పోయి, బాగుచేయు నెపమున సామ్రాజ్యమే ఆ నేలను బంజరుగా నుంచుచున్నదని కనిపెట్టును. వారికి లేయాయందు గౌరవము వేడర్ బిడ్డ యగుటచేతనే. ఆ గౌరవమే ఆమెచే వేడర్ మోసమును బయటపెట్టించినది. మూడవ నవల తుదిని థ్రాన్ అంగరక్షకుడగు రుక్ అను నోగ్రియే అతనిని చంపును. లోకమునందలి జాతుల హృదయములను కళలనుండి చదివినవాడు, దినదినము తన వెనుక నిలిచిన మనిషి హృదయమును చదువలేదు. పనిముట్టుగా చూచినవానిని పరిశీలింపవలెనని అతనికి తోచలేదు. శాస్త్రము తెలిసియు సహృదయత లేనివానికి కలుగు ముగింపు ఇంతకంటె ఉచితముగా నుండజాలదు.

మారా జేడ్ అను పాత్రయు జాన్ కల్పనయే. చక్రవర్తికి రహస్యసేవకురాలైన ఆమెకు, అతడు చనిపోవుచు లూక్‌ను చంపుమను ఆజ్ఞను మనస్సున నాటిపోయెను. ఆ ఆజ్ఞ అయిదేండ్లుగా ఆమె తలలో మ్రోగుచుండును. తుదకు, రెండవ చిత్రమున తెగిపడిన లూక్ చేతినుండి పెంచబడిన ప్రతిరూపమును ఆమె చంపుటతో ఆజ్ఞ తీరి, ఆమె విడుదల నందును. మాటకు మాటగా ఆజ్ఞ నెరవేరినది. దాని భావము మాత్రము ఓడినది. మన పురాణములలో శాపములు ఇట్లే తీరును.

దోషములును కలవు. జొరూస్ సబోత్ అను పిచ్చిజెడై మూడు నవలలలోను ఒకే స్థాయిలో అరచును. పాత్రలు ఒకరికొకరు తారసపడు యాదృచ్ఛికములు మితిమీరినవి. భాష పనికి వచ్చునదే కాని మనస్సున నిలుచునది కాదు. అయినను మూలమునకు ఈ నవలలు తిరిగి అప్పిచ్చినవి: రాజధాని గ్రహమునకు జాన్ పెట్టిన కొరుసంట్ అను పేరును లూకాస్ స్వీకరింపగా, 1999 చిత్రమున ఆ పేరు తెరపై పలుకబడినది. ఉపనది నీరు నదిలో కలసిన దానికి ఇదియొక నిదర్శనము.

విస్తరణము – గుణదోషములు

జాన్ విజయముతో ద్వారములు తెరువబడినవి. తరువాతి ఇరువదేండ్లలో నవలలు వెల్లువలెత్తినవి. వీనిలో అధిక భాగమునకు సామాన్యదోషము పునరుక్తి. చిత్రములలో గ్రహమును బ్రద్దలుచేయు ఆయుధము కలదు. కెవిన్ జె. ఆండర్సన్ 1994లో వ్రాసిన జెడై అకాడమీ నవలలలో నక్షత్రమునే బ్రద్దలుచేయు చిన్న యోడ వచ్చెను. ఆపద పెద్దదైనకొలది భయము చిన్నదగునని యెరుగకపోవుట ఈ రచయితల లోపము. కొండను చూపినవాడు మరునాడు రెండు కొండలు చూపవలసి వచ్చును. మూడవనాడు చూపరి ఆవులించును.

దీనికి భిన్నముగా, అల్పపాత్రలను చేరదీసిన నవలలు నిలిచినవి. చిత్రములలో కొద్ది క్షణములు మాత్రము కానవచ్చు వెజ్ ఆంటిలిస్ అను విమానచోదకుని నాయకునిగా గైకొని మైకేల్ స్టాక్‌పోల్ 1996లో ఎక్స్-వింగ్ వరుసను ప్రారంభించెను. అదే వరుసలో 1998నుండి ఆరన్ ఆల్‌స్టన్ వ్రాసిన నవలలు, పలు దళములనుండి తప్పులు చేసి తొలగింపబడు స్థితికి వచ్చినవారిని ఒక దళముగా చేర్చి, వారికిచ్చిన కడపటి అవకాశమును వర్ణించును. ఇందు నవ్వు మెండు. ఆ నవ్వు నడుమ మరణము హఠాత్తుగా వచ్చును. మహావీరుల కథలో మామూలు సైనికుని ప్రాణమునకు విలువ కట్టుట చిత్రములు చేయజాలని పని.

1999నుండి 2003 వరకు పందొమ్మిది నవలలుగా వచ్చిన న్యూ జెడై ఆర్డర్ అను వరుస మరియొక సాహసము చేసినది. మొదటి నవలలోనే, ఆర్. ఎ. సాల్వటోర్ చేతులలో, చ్యూబాకా మరణించెను. చదువరులనేకులు కోపించిరి. అయినను ప్రధానపాత్రలకు చావు లేదను నమ్మకము పోవుటతో కథకు బరువు వచ్చినది. ఈ వరుసలో మాథ్యూ స్టోవర్ 2002లో వ్రాసిన ట్రెయిటర్ ఉత్తమమైనది. హాన్, లేయాల కుమారుడగు జేసన్ శత్రువులకు బందీయై, వెర్జెరీ యను పరజాతి స్త్రీ చేతిలో చిత్రహింస నందును. ఆమె గురువో ద్రోహియో అతనికి తెలియదు, చదువరికిని తెలియదు. నవలలో అధికభాగము ఈ యిరువురి సంభాషణమే. బాధ బోధింపగలదా యను ప్రశ్న యుద్ధకథలో నింత సూటిగా వచ్చుట అరుదు.

ఆ స్టోవరే 2005 చిత్రమగు రివెంజ్ ఆఫ్ ద సిత్‌ను నవలగా వ్రాసెను. చిత్రమున అనకిన్ అను యువకుడు చెడ్డవాడగుట తొందరగా జరిగినట్లు తోచును. నవల ఆ లోపమును అంతరంగవర్ణనముచే తీర్చినది. కొన్ని ఘట్టములలో రచయిత చదువరినే నీవని సంబోధించి, అనకిన్ స్థానమున నిలబెట్టును. తుదిని నల్లని కవచములో మేల్కొనినవాడు తన ప్రియురాలిని చంపినది తానేయని గ్రహించు తావున, చదువరి తప్పించుకొనుటకు చోటుండదు. చిత్రము చూపగలదు, నవల లోనికి కొనిపోగలదను సామాన్యసత్యమునకు ఈ గ్రంథము మంచి సాక్ష్యము.

ప్రమాణమెవరిది?

ఇన్ని నవలలలో ఒకదానికొకటి విరుద్ధమైనచో ఏది నమ్మవలెను? 2000వ సంవత్సరమునుండి లూకాస్ సంస్థలో లీలండ్ చీ అను ఉద్యోగి హోలోక్రాన్ అను సమాచారనిధిని నిర్వహించెను. అందు చిత్రములకు ప్రథమస్థానము, నవలలకును చిత్రకథలకును దాని క్రింది స్థానము, ఇట్లు తారతమ్యము లేర్పరుపబడినవి. శ్రుతి, స్మృతి, పురాణము అను ప్రమాణక్రమమెరిగిన మనకిది సులభముగా తెలియును. కాని శ్రుతిస్మృతుల తారతమ్యమును పండితులు తర్కించి నిర్ణయించిరి. ఇచ్చట నిర్ణయము యజమానిది.

2012లో డిస్నీ సంస్థ లూకాస్ సంస్థను సుమారు 405 కోట్ల డాలర్లకు కొనెను. 2014 ఏప్రిలు 25వ తేదీన, అంతవరకు వచ్చిన అనుబంధ నవలలు ఇక ప్రామాణికములు కావనియు, లెజెండ్స్ అను శీర్షికక్రింద ముద్రింపబడుననియు ప్రకటన వెలువడినది. కొత్త చిత్రములకు చోటు కావలెను. నూరు నవలలచే కట్టుబడిన కథలో చిత్రదర్శకుడు కదలలేడు. వర్తకదృష్టితో నిది సమంజసమే. కాని ఇరువది మూడేండ్లు ఒక కుటుంబచరిత్రను అనుసరించిన చదువరులకు ఇది ఇల్లు కూల్చినట్లయినది. 2015, 2017, 2019 సంవత్సరముల చిత్రములలో లూక్‌కు భార్య లేదు. మారా జేడ్ లేదు. హాన్, లేయాల పుత్రుడు చెడుదారి పట్టుట మాత్రము, 2006నుండి 2008 వరకు వచ్చిన నవలలలో జేసన్ పట్టిన దారిని తలపించును.

ఇచ్చట విమర్శకుడు ఒక భేదమును పాటింపవలెను. కల్పితకథకు “జరిగినది”, “జరుగనిది” అను విభాగము రసదృష్టితో అర్థము లేనిది. రుక్ చేసిన హత్య 1993లో చదువరికి కలిగించిన విస్మయమును 2014 నాటి ప్రకటన వెనుకకు తీసికొనజాలదు. శశిరేఖ వ్యాసునిలో లేదని యెరిగినవాడును మాయాబజారు చూచి ఆనందించుచున్నాడు గదా! అయినను చదువరుల శోకము వట్టి మొండితనము కాదు. ధారావాహికకథలో ఆనందమునకు సగము కారణము రాబోవు భాగము. 2013లో ట్రాయ్ డెనింగ్ వ్రాసిన క్రూసిబుల్ ముసలివారైన లూక్, హాన్, లేయాల కథ. దాని తరువాతి కథను చెప్పుటకు ఎవరికిని అనుమతి లేదు. భారతమున తృప్తి చాలనివాడు తానే కవియై వ్రాసికొనవచ్చును. ఇచ్చట వ్రాయువాని చేయి చట్టముచే కట్టబడినది. పోయినది పూర్వగ్రంథము కాదు, ఉత్తరగ్రంథము.

రచయిత గతియు విచారింపదగినదే. తాను కల్పించిన పాత్రకు అనుబంధ నవలాకారుడు యజమాని కాడు. థ్రాన్ 2016లో రెబెల్స్ అను దూరదర్శన చిత్రమాలచే ప్రామాణికలోకమునకు తిరిగి రాగా, 2017లో జాన్ అతనిపై మరల నవల వ్రాసెను. ఇది శుభమైన సందర్భము. అన్నియు నట్లుండవు. 2020 నవంబరులో అమెరికాయందలి వైజ్ఞానిక కల్పనా రచయితల సంఘము, ఫాస్టరునకు స్టార్ వార్స్, ఏలియన్ నవలలపై రావలసిన రాయల్టీలు డిస్నీ సంస్థనుండి అందుటలేదని బహిరంగముగా ప్రకటించినది. హక్కులను కొన్నవారు వానితోపాటు వచ్చు బాధ్యతలనుకూడ వహింపవలెనను ధర్మము ఈ వివాదమున ముఖ్యాంశము. అతని విషయము తరువాత పరిష్కారమయినది. కాని ఈ శాఖకు మొదటి గ్రంథమును, మొదటి స్వతంత్రకథను ఇచ్చినవాడే డెబ్బది దాటిన వయస్సున తన కూలికై నోరు తెరువవలసి వచ్చెనన్న సంగతి, ఈ గ్రంథములను అచ్చువేసినవారు రచయితలకిచ్చిన స్థానమెట్టిదో తెలుపుచున్నది.

తెలుగు చిత్రములతో సంబంధము

ఈ ప్రక్రియ తెలుగు చిత్రరంగమునకును వచ్చినది. శ్రీ ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వమున 2015, 2017 సంవత్సరములలో వెలువడిన బాహుబలి చిత్రములకు పూర్వకథగా శ్రీ ఆనంద్ నీలకంఠన్ ఆంగ్లమున మూడు నవలలు వ్రాసిరి. మొదటిది 2017లో వచ్చిన ద రైజ్ ఆఫ్ శివగామి. మాహిష్మతి రాజుచే తండ్రి చంపబడగా పగబూనిన బాలికయే చిత్రమునందలి రాజమాత యయ్యెనని ఇందలి కల్పన. డేలీ హాన్‌కు చేసినదే ఇచ్చట శివగామికి జరిగినది: మూలమున పూర్ణరూపముతో వచ్చిన పాత్రకు వెనుక బీజము నాటుట. బాహుబలి వైజ్ఞానిక కల్పన కాదు. కాని అనుబంధ నవలయొక్క ధర్మము రెండింటికిని సమానము. తెలుగు చిత్రమునకు పుట్టిన నవల కేరళీయుడగు రచయితచే ఆంగ్లమున వ్రాయబడుట ఆలోచింపదగినది. పొరుగు రాష్ట్రముల తెలుగువారిలో నవతరమువారు పెక్కురు తెలుగు చిత్రములు చూతురు, తెలుగు లిపి చదువరు. చిత్రముపై కలిగిన ప్రీతి వారిని పుస్తకమునకు నడిపించినపుడు, ఆ పుస్తకము తెలుగున లేకున్నచో వారు మరియొక భాషలోనికే నడతురు. తంజావూరున వేంకటకవి మూలకథను పెంచినపుడు, ఆతని చుట్టును తమిళదేశమున్నను, పెంచినది తెలుగుననే.

ఉపసంహారము

పై పరిశీలనమువలన అనుబంధ నవలను తూచుటకు మూడు కొలతలు ఏర్పడుచున్నవి. మొదటిది, మూలము చేయజాలని పనిని అది చేసినదా? స్టోవర్ అంతరంగవర్ణనము, ఆల్‌స్టన్ సామాన్యసైనికులు ఈ కొలతకు నిలుతురు. రెండవది, మూలపాత్రల స్వభావమునకు ఔచిత్యభంగము కలుగకుండ కొత్తదనము తెచ్చినదా? డేలీ, జాన్ ఇందు కృతకృత్యులు. మూడవది, మూలము నెరుగనివానికిని ఆ నవల నవలగా నిలుచునా? ఈ కొలతకు నిలుచునవి కొన్నియే. ట్రెయిటర్ వంటిదానికిని పాత్రల పూర్వపరిచయము కొంత కావలెను. కాని ఈ మూడవ కొలతను మరీ బిగించుట న్యాయము కాదు. భారతమెరుగనివాడు విజయవిలాసమున సగము చమత్కారమును కోల్పోవును. అందుచే ఆ కావ్యమును ఎవరును తక్కువ చేయలేదు.

యజమాని ముద్ర గ్రంథమునకు విలువ నీయదు, ఆ ముద్రను తీసివేసినంత మాత్రమున విలువ పోదు. 1991 నాటి జాన్ నవలను నేడు లెజెండ్స్ శీర్షికక్రింద మరల అచ్చువేయుచున్నారు, మరల కొనుచున్నారు. మన సంఘముల గ్రంథాలయములందు ఈ నవలలకు ఒక అర కేటాయించి, వాని ప్రక్కనే రంగనాథ రామాయణమును, విజయవిలాసమును ఉంచినచో, ఒకదానికై వచ్చిన పిల్లవాడు రెండవదానిని తెరచి చూచుటకు అవకాశముండును. ప్రసిద్ధకథను పెంచు విద్యలో మన కవులు చేసిన సాధనము అతనికప్పుడు అపరిచితముగా తోపదు.